శరత్కాలం మన ఊరి చుట్టే: ఓరుగల్లులో బతుకమ్మ నుంచి కార్తీకం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

వినాయక నిమజ్జనం అయిపోయిందంటే చాలు, ఇక్కడికి కొత్తగా బదిలీ అయి వచ్చినవాళ్లు, హైదరాబాద్‌లో ఉంటూ పండక్కి మాత్రమే ఇంటికి వచ్చే మావాళ్లు, వాళ్ల పిల్లలు అందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే అన్నీ ఒకచోట రాస్తే మేలనిపించింది. ఇందులో చెప్పినవన్నీ హనుమకొండ, వరంగల్, ఆ చుట్టుపక్కల సంగతులే. మీది వేరే ఊరైతే గుడి పేరు, చెరువు పేరు మారుతుంది, మిగతాది చాలావరకు మీకూ పనికొస్తుంది.

మన దగ్గర ఆకులు రంగు మారి రాలవు కదా, శరత్కాలంలో చూడటానికి ఏముంటుంది?

చాలా ఉంటుంది. చెట్ల కొమ్మల్లో కాకుండా పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద, వాగుల ఒడ్డున వెతకాలి, అంతే. మన పంచాంగం ప్రకారం ఆశ్వయుజం, కార్తీకం రెండు నెలలూ శరదృతువు. నైరుతి రుతుపవనాలు అక్టోబర్‌లో తెలంగాణ నుంచి వెనక్కి మళ్లుతాయి కాబట్టి అప్పటికి చెరువులు నిండి ఉంటాయి, మబ్బు విడిపోయి ఎండ తేటగా కాస్తుంది, సాయంత్రం గాలి మారుతుంది. గట్ల మీద తంగేడు పచ్చగా పూస్తుంది, చేలల్లో గునుగు తెల్లగా లేస్తుంది, వాగుల పక్కన రెల్లు పూస్తుంది. మన ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. కశ్మీర్ చినార్ల ఫోటోలు చూసి మనకు ఈ కాలమే లేదనుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఊరు దాటి పది కిలోమీటర్లు వెళ్తే చాలు, రోడ్డుకు రెండు పక్కలా పసుపు, తెలుపు కలిసి కనిపిస్తాయి.

తంగేడు, గునుగు కొనుక్కోవాలా, మేమే కోసుకోవచ్చా?

కోసుకోగలిగితే కోసుకోండి. బతుకమ్మ పండుగలో సగం ఆనందం పూలకు వెళ్లడంలోనే ఉంది. పొద్దున్నే, మంచు ఆరకముందే వెళ్తే తంగేడు తాజాగా ఉంటుంది, ఎండెక్కాక కోస్తే ఇంటికొచ్చేలోపే వాడిపోతుంది. తంగేడు బీడు భూముల్లో, రాళ్ల నేలలో, రోడ్డు పక్కన దానంతట అదే పెరుగుతుంది. గునుగు మక్కజొన్న, కంది, పత్తి చేలల్లో కలుపు మొక్క. రైతుకు అది అక్కరలేనిదే అయినా చేనులోకి దిగే ముందు ఒక మాట అడగండి, పంట తొక్కకుండా గట్టు వెంబడే కోయండి. గడ్డి మోకాలి ఎత్తు ఉంటుంది, పాములుంటాయి, బూట్లు వేసుకుని చేతిలో కర్ర పట్టుకుని వెళ్లండి.

గునుగును కాస్త దగ్గరగా చూడండి. కంకి కొనలో లేత గులాబీ రంగు ఉంటుంది, కిందికి వచ్చేకొద్దీ వెండిలా మెరిసే తెలుపుగా మారుతుంది. ముదిరిన కంకిని అరచేతిలో నలిపితే చిన్న చిన్న నల్లటి గింజలు రాలతాయి. మరుసటి ఏడు మళ్లీ గునుగు లేచేది వాటితోనే, అందుకే మొక్కను వేర్లతో పీకకుండా కంకి వరకే కోయాలి. తంగేడు కొమ్మ విరవకండి, పూల గుత్తి వరకు తుంచుకోండి.

కొనేవాళ్లు హనుమకొండ చౌరస్తా వైపు, వరంగల్ కూరగాయల మార్కెట్ దగ్గర చూడండి. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు తెల్లవారేసరికి మూటలతో దిగుతారు. వాళ్లు చీకట్లో లేచి కోసి, మోసుకుని బస్సెక్కి వచ్చారు, దయచేసి బేరం ఆడకండి.

ఈ పూలు తగ్గిపోతున్నాయంటున్నారు, నిజమేనా?

ఊరి చుట్టూ తగ్గుతున్నాయి. బీడు భూములు ప్లాట్లయ్యాయి, చేలల్లో గడ్డిమందులు కొడుతున్నారు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, పేరు అందరికీ తెలుసు, మొక్కను గుర్తుపట్టే పిల్లలు మాత్రం తక్కువ. ఇంటి ముందు కాస్త జాగా ఉంటే ఒక తంగేడు పెంచండి. నీళ్లు పెద్దగా అడగదు, పశువులు కూడా అంతగా ముట్టవు. ముదిరిన కాయల్లోంచి గింజలు తీసి, రాత్రంతా నానబెట్టి వర్షాకాలం మొదట్లో నాటితే మొలుస్తాయి.

బతుకమ్మ ఎప్పుడు మొదలవుతుంది? రోజుకో పేరు ఉంటుందట కదా?

భాద్రపద అమావాస్య నాడు, మనవాళ్లు పెత్రమాస అనే రోజున మొదలవుతుంది. పొద్దున గతించిన పెద్దల పేరున బియ్యం ఇచ్చుకుంటారు, సాయంత్రం బతుకమ్మ ఆడతారు. ఆ రోజుది ఎంగిలిపూల బతుకమ్మ. తర్వాత వరసగా అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం బతుకమ్మ, అట్ల బతుకమ్మ. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు, ఆడరు. ఏడో రోజు వేపకాయల బతుకమ్మ, అంటే బియ్యప్పిండిని వేపకాయల ఆకారంలో చేసి నూనెలో వేయించి పెడతారు. ఎనిమిదో రోజు వెన్నముద్దల బతుకమ్మ, నువ్వులు, బెల్లం, వెన్న కలిపి పెడతారు. తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ. దాదాపుగా పేరులోనే నైవేద్యం ఉంది కాబట్టి రోజు పేరు గుర్తుంటే వంట కూడా గుర్తున్నట్టే.

అంతకు ముందు తొమ్మిది రోజులు పెళ్లికాని ఆడపిల్లలు పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను చేసి ఆడేవాళ్లు. పట్నంలో ఇది దాదాపు కనిపించడం లేదు. మీ ఊళ్లో ఇంకా చేస్తున్న పెద్దమ్మలు ఉంటే పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి, బతుకమ్మ పాటలు చాలామంది ముందుగా నేర్చుకున్నది అక్కడే.

మా ఊళ్లో ఏడు రోజులే అంటున్నారు, పక్క ఊళ్లో తొమ్మిది. ఏది కరెక్ట్?

రెండూ కరెక్టే. వేములవాడలో ఏడో రోజునే సద్దుల బతుకమ్మ చేస్తారు. తిథి రెండు రోజుల మీద పడిన ఏడాది హనుమకొండలో ఒక రోజు, పక్క మండలంలో మరో రోజు కూడా ఆడతారు. టెన్షన్ పడకండి. పుట్టింటి పద్ధతి ఒకటి, అత్తగారింటి పద్ధతి ఒకటి అయితే మీరు ఏ ఊళ్లో ఆడుతున్నారో ఆ ఊరి వాళ్లతో కలిసి ఆడండి. పది మందితో కలిసి ఆడే పండుగ కదా.

పేర్చడం అస్సలు రాదు. మొదటిసారి ఎలా చేయాలి?

మొదటిసారికి చిన్నది పేర్చండి, అడుగు ఎత్తు చాలు. పెద్దది కావాలని మొదలుపెడితే సగంలో ఒరుగుతుంది.

ఒక సిబ్బి గానీ ఇత్తడి తాంబాళం గానీ తీసుకోండి. అడుగున గుమ్మడి ఆకులు పరవండి, దొరకకపోతే ఆముదం ఆకులు. మొదటి వరస తంగేడు. పువ్వులు బయటికి, కాడలు లోపలికి ఉండేలా అంచు వెంబడి గుండ్రంగా దగ్గర దగ్గరగా పేర్చండి. మధ్యలో గుంత మిగులుతుంది, దాన్ని తంగేడు ఆకులు, గునుగు కాడల ముక్కలతో నింపి అరచేత్తో గట్టిగా అదమండి. అసలు పట్టు ఇక్కడే ఉంది. లోపల వదులుగా ఉంటే పైన ఎంత అందంగా పేర్చినా మోసుకెళ్లేటప్పుడు జారిపోతుంది. నాకు తెలిసిన ఒక పెద్దావిడ ప్రతి వరసకీ లోపల అదిమి, వేళ్లతో తట్టి, చప్పుడు విని ఇంకొంచెం ఆకు వేసేది. ఆవిడ పేర్చింది చెరువుదాకా వెళ్లినా ఒక్క పువ్వు కదిలేది కాదు.

రెండో వరసకు గునుగు. కంకులను ఒకే పొడవులో కత్తిరించి గుప్పెడు గుప్పెడుగా దారంతో కట్టుకోండి, కావాలంటే కొన్ని కట్టలను ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టుకోండి. రంగులు ముందురోజు రాత్రే అద్దుకోవాలి, తడి గునుగు పేరిస్తే కింది పూల మీద రంగు కారుతుంది. ఆ పైన బంతి, ఆ పైన మళ్లీ తంగేడు, తర్వాత సీతమ్మ జడ, చామంతి, కట్లపూలు, మీకు దొరికినవి. ప్రతి వరస కిందిదాని కన్నా కొంచెం లోపలికి రావాలి, అప్పుడే గోపురం ఆకారం వస్తుంది. రెండు మూడు వరసలకోసారి దారాన్ని అడ్డంగా చుట్టి బిగించండి. చివర గుమ్మడి పువ్వు. పసుపు ముద్దతో గౌరమ్మను చేసి, కుంకుమ బొట్టు పెట్టి, తమలపాకులో ఉంచి బతుకమ్మ మీద పెట్టండి. పక్కనే ఒక చిన్న బతుకమ్మ కూడా పేర్చాలి, అది పిల్లలకు వదిలేయండి, వంకరగా వచ్చినా సరిచేయకండి.

థర్మాకోల్ దిమ్మె మీద పూలు గుచ్చి పేర్చేవాళ్లున్నారు. తొందరగా అవుతుంది, నిజమే. కానీ సాయంత్రం అది చెరువులో తేలుతూ ఉండిపోతుంది. వద్దు.

హనుమకొండలో బతుకమ్మ ఎక్కడ చూడాలి?

ఎంగిలిపూల రోజు వేయిస్తంభాల గుడి, సద్దుల రోజు పద్మాక్షి గుట్ట.

వేయిస్తంభాల గుడిని కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుళ్లున్న త్రికూటాలయం. పండుగ రోజు సాయంత్రం గుడి ముందున్న ఆవరణంతా బతుకమ్మలే, ఒక్కో వాడ వాళ్లు ఒక్కో గుంపుగా ఆడుతుంటారు, ఒకరి పాట మీద ఇంకొకరి పాట వినిపిస్తుంటుంది. జనం పెరగకముందే, ఎండ ఉండగానే వెళ్లి ముందు గుడి చూడండి. నల్లరాతి నంది నున్నదనం, స్తంభాల మీద సన్నని చెక్కడం రద్దీలో కనిపించవు. పక్కనున్న కల్యాణ మండపాన్ని పునాది కుంగిందని 2006లో విప్పేశారు, మళ్లీ రాయి రాయి పేర్చి 2024 మార్చిలో తెరిచారు. దాన్ని విప్పి పెట్టిన రాళ్లుగానే చూసిన పిల్లలు ఈ ఊళ్లో పెరిగి పెద్దయ్యారు. ఇప్పుడు ఆ మండపంలో నిలబడగలగడం నాకు చాలా సంతోషం.

పద్మాక్షి గుట్ట వేరే లోకం. కొండ మీద పద్మాక్షి అమ్మవారి గుడి, అదే కొండ రాతి మీద జైన తీర్థంకరుల శిల్పాలు. ఇది ఒకప్పుడు జైన బసది. సద్దుల నాడు గుట్ట కిందున్న గుండంలో బతుకమ్మలను వదులుతారు. ఆ సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటుంది, కార్లో వెళ్లాలనుకోకండి, దూరంగా ఎక్కడైనా ఆపి నడవండి. చిన్నపిల్లల జేబులో మీ ఫోన్ నంబర్ రాసిన కాగితం పెట్టండి. నీటి అంచు దగ్గర మెట్లు జారుతాయి, తోపులాటలో అటు వెళ్లకండి, వదలడానికి అక్కడ మనుషులు ఉంటారు, వాళ్ల చేతికి ఇవ్వండి.

శిల్పాలను చూడాలంటే మాత్రం పండుగ రోజు కాదు, మామూలు రోజు పొద్దున వెళ్లండి.

మేం వేరే జిల్లా వాళ్లం, పాటలు రావు. వెళ్లి కలిసి ఆడొచ్చా?

తప్పకుండా. ఒకావిడ పాడుతుంది, మిగతావాళ్లు 'ఉయ్యాలో' అనో 'చందమామ' అనో పల్లవి అందుకుంటారు, అది పది నిమిషాల్లో వచ్చేస్తుంది. చప్పట్లు ముందు తప్పుతాయి, అడుగు పడ్డాక వాటంతటవే కుదురుతాయి. కృష్ణా జిల్లా నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చి మా వాడలో స్థిరపడ్డవాళ్లు ఇప్పుడు మాకంటే బాగా పేరుస్తున్నారు. చేతిలో నాలుగు పూలతో వెళ్లినా చాలు, వాయినం ఇచ్చిపుచ్చుకునేటప్పుడు మిమ్మల్ని పిలుస్తారు, వదిలేయరు.

ఒక్క మాట. డీజే పెట్టి సినిమా పాటలకు ఆడే చోట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. పిల్లలకు సరదాగానే ఉంటుంది. కానీ ఆ హోరులో పాత పాటలు తెలిసిన అమ్మమ్మలు నోరు విప్పరు. ఒక గంటైనా సౌండ్ ఆపించి వాళ్లను పాడమనండి, వీలైతే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఆ పాటలు చాలావరకు వాళ్ల నోటే ఉన్నాయి, ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

మగవాళ్లకు ఏం పని ఉంటుంది?

పూలు తేవడం, గునుగు కట్టలు కట్టడం, రంగులు అద్దడం, బరువైన బతుకమ్మను చెరువుదాకా మోయడం. ఇవి మా ఇళ్లలో ఎప్పుడూ మగవాళ్ల పనులే. ఆ రోజు వంటింటి పని కూడా సగం పంచుకుంటే ఆడవాళ్లు చీకటి పడకముందే బయల్దేరతారు.

సద్దులంటే ఏమేం చేయాలి? సత్తుపిండి కష్టమా?

చింతపండు పులిహోర, పెరుగన్నం, కొబ్బరన్నం, నిమ్మకాయ పులిహోర, నువ్వుల అన్నం, ఓపిక ఉన్నంత. అన్నీ చేయాలని లేదు. సత్తుపిండి మాత్రం వదలకండి, చాలా తేలిక. మక్కజొన్నలను సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక మెత్తగా పట్టి, బెల్లం తురుము, కాస్త నెయ్యి కలపడమే. ఇదే పద్ధతిలో పల్లి సత్తు, నువ్వుల సత్తు, పెసర సత్తు. నువ్వుల్ని ఎక్కువసేపు మిక్సీలో తిప్పకండి, నూనె వదిలి ముద్దవుతుంది, ఆపి ఆపి తిప్పాలి. మలీదకు రొట్టెలు వేడిగా ఉండగానే తుంచి, బెల్లం నెయ్యి వేసి దంచి ముద్దలు కట్టాలి. చెరువు గట్టున అందరివీ కలిపి పంచుకుని తినేటప్పుడు ఏ ఇంటి మలీద ఎలా ఉందో మాట్లాడుకోవడం ఒక ముచ్చట.

బతుకమ్మలు వేస్తే చెరువు పాడవదా?

పూలు, ఆకులు, పసుపు నీటిలో కలిసిపోయేవే. పాడు చేసేది వాటితోపాటు మనం వదిలే ప్లాస్టిక్ పళ్లేలు, కవర్లు, మెరుపు కాగితాలు, రసాయన రంగులు. బట్టలకు వేసే రంగులు కాకుండా తినే రంగులు వాడండి, లేదా గునుగును తెల్లగానే పేర్చండి, నాకైతే అదే అందంగా ఉంటుంది. సిబ్బి, తాంబాళం ఇంటికి తెచ్చుకోవాలి. గుప్పెడు నీళ్లున్న కుంటలో ఊరంతా వేస్తే ఏ పూలైనా కుళ్లి వాసన వస్తాయి, అలాంటి చోట మరుసటి రోజు తీసేయించే పని వాడవాళ్లే పెట్టుకోవాలి.

దసరా రోజు పాలపిట్టను చూడాలంటారు, ఎక్కడ కనిపిస్తుంది?

ఊరి బయట పొలాల మధ్య కరెంటు తీగల మీద. కూర్చున్నప్పుడు గోధుమ రంగు పిట్టలా పెద్దగా ఆనదు, ఎగిరిందంటే రెక్కల్లో ముదురు నీలం, లేత నీలం పట్టీలు విప్పుకుంటాయి. పురుగుల కోసం ఎత్తైన చోట కదలకుండా కాచుకుని కూర్చునే పిట్ట కాబట్టి, ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య వరి, పత్తి చేల పక్క రోడ్డు మీద నెమ్మదిగా బండి నడిపితే కనిపించే అవకాశం ఎక్కువ. ఇది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా.

పంజరంలో పట్టి తెచ్చి డబ్బులకు చూపించేవాళ్ల దగ్గరికి దయచేసి వెళ్లకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, బంధించడం నేరం. ఎగరకుండా రెక్కలు కట్టేస్తారు, తిండి నీళ్లు ఉండవు, పండుగయ్యేసరికి చాలా పిట్టలు చచ్చిపోతాయి. శుభమని మనం ఇచ్చే ఆ డబ్బు కోసమే మరుసటి ఏడు మళ్లీ పడతారు. కనిపిస్తే అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయండి.

జమ్మి పెట్టుకోవడం ఎలా? చెట్టు ఎక్కడుంది?

సాయంత్రం ఊరి జమ్మిచెట్టు దగ్గరికి అందరూ వెళ్లి పూజ చేసి ఆకు తెచ్చుకుంటారు. ఆ ఆకే బంగారం. పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కాలి, సమానమైనవాళ్లయితే చేతిలో పెట్టి అలయ్ బలయ్, అంటే కౌగిలింత, తీసుకోవాలి. ఏడాదంతా మాటల్లేని ఇద్దరు ఆ రోజు జమ్మి పెట్టుకుని మాట్లాడుకోవడం ప్రతి వాడలో ఉంటుంది, మీకూ అలాంటి మనిషి ఉంటే ముందు ఆ ఇంటికే వెళ్లండి. కొమ్మలు విరిచి సంచుల్లో నింపుకోకండి, ఇంటికి నాలుగు రెమ్మలు చాలు. ప్రతి కాలనీలో కొమ్మలు నరికి తెచ్చి పాతే బదులు ఒక జమ్మి మొక్క నాటి పెంచితే కొన్నేళ్లలో సొంత చెట్టు అవుతుంది.

వరంగల్‌లో రావణ వధ చూడాలంటే ఉర్సు రంగలీల మైదానం. టపాసుల చప్పుడు ఎక్కువ, నెలల పిల్లలను తీసుకెళ్లొద్దు.

భద్రకాళి గుడికి ఈ రోజుల్లో వెళ్లొచ్చా, రద్దీ భరించగలమా?

నవరాత్రుల్లో అమ్మవారికి రోజుకో అలంకారం, సాయంత్రాలు, శుక్రవారం, మూలా నక్షత్రం రోజు క్యూ చాలా పొడవు. తెల్లవారుజామున వెళ్తే ప్రశాంతంగా దర్శనం అవుతుంది. దర్శనమయ్యాక చెరువు వైపు కట్ట మీద కాసేపు నడవండి. కాకతీయుల కాలపు చెరువు అది, కొండరాళ్ల మధ్య గుడి, ఎదురుగా నీళ్లు, వర్షాలు వెళ్లిపోయిన ఈ నెలల్లో చూసినంత బాగా మరెప్పుడూ ఉండదు.

కోటకు వెళ్తే ఏం చూడాలి? రాళ్లే కదా అంటున్నారు పిల్లలు.

కీర్తి తోరణాల మధ్య నిలబెట్టండి, అప్పుడు అనరు. నాలుగు దిక్కులా నాలుగు, ఒక్కోటి సుమారు 30 అడుగుల ఎత్తు. మధ్యలో ఉన్న స్వయంభూ శివాలయం 1323లో ఢిల్లీ సైన్యం కోటను పట్టుకున్నాక కూలింది, తోరణాలు నిలిచాయి. కింద పరిచి ఉంచిన విరిగిన స్తంభాలు, కప్పు ముక్కలు, హంసలు, మకరాలు పిల్లలకు దగ్గరగా చూపించండి. గుడి గోడ మీద పైన ఎక్కడో ఉండాల్సిన చెక్కడం కళ్ల ముందు నేల మీద ఉంది, వేలితో చూపిస్తూ కథ చెప్పొచ్చు. రాష్ట్ర చిహ్నంలో ఉన్న తోరణం ఇదేనని చెబితే వాళ్లే పాఠ్యపుస్తకం తీసి పోల్చుకుంటారు.

అక్కడితో వెనక్కి రాకండి. ఖుష్ మహల్ చూసి, ఏకశిల గుట్ట ఎక్కి, తర్వాత రాతి కోట గోడ వెంబడి కొంచెం దూరం నడవండి, ఆ అవతల కందకం, దాని అవతల మట్టికోట. లోపల ఇప్పటికీ ఊరుంది, ఇళ్లున్నాయి, పొలాలున్నాయి, దసరా రోజుల్లో ఆ రాతి గోడల నీడలోనే బతుకమ్మ ఆడతారు. మధ్యాహ్నం రాయి కాలుతుంది, నాలుగు తర్వాత వెళ్లండి.

రామప్ప, లక్నవరం, పాకాల ఒకే రోజులో అవుతాయా?

రామప్ప, లక్నవరం అవుతాయి, రెండూ ములుగు దారిలోనే. పాకాల నర్సంపేట వైపు, దానికి ఇంకో రోజు పెట్టుకోండి. పొద్దున ఆరుకల్లా బయల్దేరి ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర తిరిగితే ఎనిమిదిలోపు పాలంపేటలో ఉంటారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్లింది. నీళ్లలో తేలే ఇటుకలతో కట్టిన శిఖరం సంగతి గైడ్ ఎలాగూ చెబుతాడు. మీరు మాత్రం బయట చూరు కింద, స్తంభాల పైభాగాన వాలి నిలబడ్డ నల్లరాతి మదనికలను, అంటే ఆ స్త్రీ శిల్పాలను, తీరిగ్గా చూడండి, ఒకామె కాలి ముల్లు తీయించుకుంటున్న తీరు, నగల దారాల సందులోంచి వెలుతురు పోయేలా చెక్కిన తీరు. పక్కనే రామప్ప చెరువు, ఈ కాలంలో నిండుగా ఉంటుంది. అక్కణ్నుంచి లక్నవరం వెళ్లి వేలాడే వంతెన, పడవ చూసుకుని చీకటి పడకముందే తిరిగి రావచ్చు. దసరా సెలవుల్లో ఆదివారం మాత్రం వద్దు, వంతెన మీద నిలబడే చోటుండదు.

పాకాల నాకు ఎక్కువ ఇష్టం. అడవి మధ్య కాకతీయుల చెరువు, హడావుడి తక్కువ. అది అభయారణ్యం, అక్కడ పాటలు పెట్టకండి, తిన్న కవర్లు తిరిగి తెచ్చుకోండి. దారిలో సీతాఫలాలు గంపల్లో అమ్ముతుంటారు, కన్ను విచ్చుకుని ఇంకా గట్టిగా ఉన్నవి కొంటే రెండు రోజుల్లో పండుతాయి.

డబ్బు, సెలవు రెండూ తక్కువ. ఒక్క సాయంత్రంలో ఏం చూడొచ్చు?

మీ ఇంటికి దగ్గరున్న చెరువు కట్ట. సూర్యాస్తమయానికి గంట ముందు వెళ్లండి. ఈ నెలల్లో తూనీగలు గుంపులు గుంపులుగా తిరుగుతాయి, కొంగలు బారులు తీరి చెట్లకు చేరతాయి, రెల్లు మీద ఎండ ఏటవాలుగా పడుతుంది. పిల్లలకు ఫోన్ ఇవ్వకుండా ఐదు రకాల పూలు కనిపెట్టమని చెప్పండి, పేర్లు తెలియకపోతే అక్కడ బర్రెలు కాసే తాతనడగమనండి, ఆయనకు అన్నీ తెలుసు.

ఆడేటప్పుడు ఫోటోలు, వీడియోలు తీయొచ్చా?

మీ వాళ్లవి తీసుకోండి. తెలియనివాళ్లను, ముఖ్యంగా ఆడపిల్లలను అడగకుండా తీయొద్దు.

దీపావళి, కార్తీకంలో ఇక్కడ ప్రత్యేకంగా ఏముంటుంది?

దీపావళికి మన వైపు చాలా ఇళ్లలో కేదారేశ్వర నోము. 21 పోగుల తోరం, అరిసెలు, బంధువులందరూ ఒక్క ఇంట్లో. నోము ఉన్న ఇంటికి పిలుపొస్తే తప్పక వెళ్లండి, అరిసె పాకం దగ్గర నిలబడి చూడండి, ముదురు పాకానికి లేత పాకానికి తేడా చూసి నేర్చుకోవాల్సిందే, చెబితే రాదు. కార్తీకంలో సోమవారాలు, పౌర్ణమి రోజు వేయిస్తంభాల గుడిలో దీపాలు పెడతారు, పౌర్ణమికి 365 వత్తులు వెలిగించేవాళ్లు ఎక్కువ. వనభోజనాలకు ఉసిరిచెట్టు ఉన్న తోట వెతుక్కోండి. చాలామంది ఫంక్షన్ హాల్లో కానిచ్చేస్తున్నారు, తోటలో చాప వేసుకుని తినే అన్నానికి అది సాటి రాదు.

హైదరాబాద్ ఫ్లాట్‌లో, విదేశంలో ఉన్నవాళ్లం. తంగేడు దొరకదు, ఎలా?

హైదరాబాద్‌లో దొరుకుతుంది, గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పొద్దున్నే వెళ్లండి. విదేశాల్లో అక్కడ దొరికే బంతి, చామంతులతో పేర్చండి, అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాలో మనవాళ్లు ఏళ్లుగా అలాగే చేస్తున్నారు. నిమజ్జనానికి అక్కడి చెరువుల్లో, నదుల్లో అనుమతి లేకుండా వేయకండి, పెద్ద టబ్బులో నీళ్లు పోసి వదిలి, పూలను మరునాడు మొక్కలకు ఎరువుగా వేసుకోండి. గౌరమ్మ పసుపు మాత్రం పారబోయకుండా తీసి ఒకరికొకరు పెట్టుకోవాలి. పాటల కోసం యూట్యూబ్ కంటే ముందు ఊళ్లో ఉన్న అమ్మకు వీడియో కాల్ చేయండి. అయితే ఆలస్యం సమస్య ఉంటుంది, అందరూ కలిసి చప్పట్లు కొడితే పాట, అడుగు కలవవు, కాబట్టి ముందురోజే ఆమె పాట రికార్డు చేసి పంపించుకుని దానికి ఆడండి.

వాన పడితే?

దసరా లోపు రెండు మూడు సాయంత్రాలు వాన రావడం మామూలే. గుడి మండపంలోకో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకో మార్చుకుని ఆడతారు. తంగేడు తడిస్తే రేకులు రాలతాయి, అందుకని ఆకాశం మబ్బుగా ఉన్న రోజు బంతి, గునుగు ఎక్కువ పెట్టి పేర్చండి, మోసేటప్పుడు పైన గొడుగు పట్టడానికి ఒకరిని వెంట తీసుకెళ్లండి.